చాం గోపురాలను, చాం ఊళ్ళను చూడటం ఎలా: చంపా చరిత్ర, మతం, సంస్కృతి తెలుసుకోదలచినవారికి మార్గదర్శిని

వియత్నాం మధ్య తీరం పొడవునా గుట్టల మీద ఎర్ర ఇటుకల గోపురాలు కనిపిస్తాయి. వాటిని కట్టినవారు చాం ప్రజలు. మలయ్, ఆచే భాషలకు బంధువైన భాష మాట్లాడే వీరి పూర్వులు సముద్రం మీదుగా ఈ తీరానికి చేరి, చంపా అనే పేరుతో శతాబ్దాల పాటు రాజ్యాలు ఏలారు. ఆ రాజ్యాలలో చివరిది 1832లో అంతరించింది గాని ప్రజలు అంతరించలేదు. 2019 జనాభా లెక్కల ప్రకారం వియత్నాంలో 1,78,000 మందికి పైగా చాం ప్రజలు ఉన్నారు. కంబోడియాలో వారి సంఖ్య ఇంకా ఎక్కువ.

ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. మన దేశం నుంచి వెళ్ళే యాత్రికులలో చాలామంది డా నాంగ్‌లో దిగి, మీ సన్ లోయలోని పాత చాం ఆలయాల శిథిలాలలో ఒక పూట తిరిగి, శివలింగాలకు ఫొటోలు తీసుకుని, చంపాను చూసేశామన్న తృప్తితో తిరిగి వస్తారు. మీ సన్‌లో ఈనాడు నిత్యపూజ లేదు, దాని చుట్టూ చాం ఊళ్ళు లేవు. దేవుడికి స్నానం చేయించే చేతులు, వస్త్రం కట్టే పూజారులు, పాటతో దేవతలను పిలిచే గాయకులు ఉన్నది అక్కడికి చాలా దక్షిణాన, ఫాన్ రాంగ్ పట్టణం చుట్టుపక్కల పల్లెలలో. అందువల్ల ఈ మార్గదర్శిని మామూలు దారికి ఎదురుగా నడుస్తుంది. ముందు దక్షిణాన సజీవంగా ఉన్న ఆలయాలు, ఊళ్ళు చూసి, అక్కడి నుంచి ఉత్తరానికి, పాత రాజధానుల వైపు వెళ్ళమని నా సలహా. బ్రతికి ఉన్న ఆచారాన్ని ఒకసారి చూసినవారికి మీ సన్‌లోని ఖాళీ గర్భగుడి కూడా అర్థమవుతుంది. ముందే శిథిలాలు చూసినవారికి రాయి, ఇటుక తప్ప మరేమీ మిగలవు.

బయలుదేరే ముందు తెలుసుకోవలసిన చరిత్ర

చంపా ఒకే రాజు కింద ఉన్న ఒకే రాజ్యం అనుకుంటే తర్వాత చదివేదంతా చిక్కుముడి పడుతుంది. అది నదీలోయలను ఆధారం చేసుకున్న కొన్ని సంస్థానాల కూటమి. ఉత్తరాన అమరావతి, దాని కింద విజయ, ఆపైన కౌఠార, చిట్టచివర దక్షిణాన పాండురంగ. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క లోయ పైచేయి సాధించింది. ఆ పేర్లను ఇప్పటి ఊళ్ళతో జత చేసి గుర్తు పెట్టుకుంటే సగం పని అయినట్టే: అమరావతి అంటే డా నాంగ్ చుట్టుపక్కల ప్రాంతం, విజయ అంటే క్వీ నోన్ పరిసరాలు, కౌఠార అంటే న్యా ట్రాంగ్, పాండురంగ అంటే ఫాన్ రాంగ్.

చైనా గ్రంథాల ప్రకారం క్రీ.శ. 192లో హాన్ సామ్రాజ్యపు దక్షిణ సరిహద్దులో ఒక స్థానిక నాయకుడు తిరుగుబాటు చేసి లిన్‌యీ అనే రాజ్యాన్ని నిలబెట్టాడు. చంపా కథను సాధారణంగా అక్కడి నుంచి చెబుతారు. నాలుగో శతాబ్దం చివరలో భద్రవర్మ అనే రాజు మీ సన్ లోయలో శివుడికి ఆలయం కట్టించి, తన పేరు కలిపి భద్రేశ్వరుడని పిలిచాడు. రాజు పేరు, దేవుడి పేరు ఒకటిగా కలిపే ఈ పద్ధతి తర్వాతి వెయ్యేళ్ళ చంపా చరిత్ర అంతటా కనిపిస్తుంది. 875లో ఇంద్రవర్మ డోంగ్ యువాంగ్ వద్ద లక్ష్మీంద్ర లోకేశ్వరుడి పేరిట గొప్ప బౌద్ధ విహారం స్థాపించాడు కనుక, చంపా అంతా శైవమే అనుకోవడం కూడా సరికాదు.

ఆ తర్వాతి చరిత్ర ఎక్కువగా యుద్ధాలదే. 982లో ఉత్తరాది వియత్ రాజు లే హోన్, డోంగ్ యువాంగ్ దగ్గరి చాం రాజధాని ఇంద్రపురాన్ని కొల్లగొట్టగా, రాజధాని దక్షిణాన విజయకు మారింది. 1177లో చాం సేన ఖ్మేర్ రాజధాని అంగ్‌కోర్‌ను కొల్లగొట్టింది. అప్పటి పోరాటాలలోని నావికాయుద్ధ దృశ్యాలు బాయన్ ఆలయపు గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి. వియత్నామీయులు చే బాంగ్ న్గా అని పిలిచే రాజు 1371లో ఇప్పటి హనోయి నగరాన్నే దోచుకున్నాడు. ఆ విజయాలన్నిటికీ ముగింపు 1471లో వచ్చింది. లే థాన్ తోంగ్ చక్రవర్తి విజయ నగరాన్ని పట్టుకోవడంతో వేలాదిమంది చనిపోయారు, చెరపట్టబడ్డారు, ఎందరో కంబోడియాకు, సముద్రం దాటి ఇతర తీరాలకు చెదిరిపోయారు. ఆ తర్వాత దక్షిణాన కౌఠార, పాండురంగ మిగిలాయి, పదిహేడో శతాబ్దంలో కౌఠార కూడా పోయి పాండురంగ ఒక్కటే నిలిచింది. అదీ వియత్ ప్రభువుల నీడలో కుంచించుకుపోతూ 1832 వరకు నిలిచి, మిన్ మాంగ్ చక్రవర్తి చేతిలో విలీనమైంది. మరుసటి ఏళ్ళలో చాం నాయకులు లేవదీసిన తిరుగుబాట్లను కఠినంగా అణచివేశారు.

ఇక్కడ మన పాఠకులకు ఒక హెచ్చరిక అవసరం. అమరావతి, పాండురంగ, సింహపురం అన్న పేర్లు చూడగానే ఇది మనవాళ్ళు వెళ్ళి స్థాపించిన వలసరాజ్యం అనుకోవడం సహజమే. పాత చరిత్ర పుస్తకాలు కొన్ని అలాగే రాశాయి కూడా. కానీ చంపా రాజులు ఆ నేల మీద పుట్టినవారు, వారి భాష ఆ సముద్రానిది. సంస్కృతాన్ని, శివుణ్ణి, శిల్పశాస్త్రాన్ని వారు తమ అవసరానికి ఎంచుకుని, తమ పూర్వికుల ఆరాధనతో కలిపి, కొత్త రూపం ఇచ్చుకున్నారు. ఆ ఎంపికను గౌరవించకుండా చూస్తే చంపాలో మనకు మన ప్రతిబింబమే కనిపిస్తుంది గాని చాం ప్రజలు కనిపించరు.

ఎప్పుడు వెళ్ళాలి

మూడు సందర్భాలు ముఖ్యం. చాం పంచాంగంలో ఏడో నెల మొదటి రోజున కాటే పండుగ వస్తుంది, అంటే సాధారణంగా సెప్టెంబరు చివర లేదా అక్టోబరు. రంజాన్ కాలంలో, ఇస్లాంను తమ పద్ధతిలో కలుపుకున్న బానీ చాం ప్రజల రామువాన్ జరుగుతుంది. చాం సంవత్సరాది సమయంలో, ఏప్రిల్ ప్రాంతంలో, ఊరి క్షేమం కోరుతూ రిజా నగర్ జరుపుతారు. ఈ తేదీలు ప్రతి సంవత్సరం మారుతాయి. చాం పంచాంగం మన శక సంవత్సరపు మూలాలకు ఇస్లామీ నెలల లెక్కను జోడించుకున్నది కనుక మామూలు క్యాలెండరు చూసి అంచనా వేయడం కష్టం. టికెట్లు కొనే ముందే ఫాన్ రాంగ్‌లోని వసతిగృహం వారినో, స్థానిక పర్యాటక కార్యాలయాన్నో అడిగి నిర్ధారించుకోవాలి.

పటం చూసేటప్పుడు ఇంకొక జాగ్రత్త. 2025 జులై 1 నుంచి వియత్నాంలో రాష్ట్రాలను విలీనం చేశారు. ఫాన్ రాంగ్ ఉన్న నిన్ థువాన్ ఇప్పుడు ఖాన్ హోవాలో భాగం. మీ సన్ ఉన్న క్వాంగ్ నామ్ డా నాంగ్ నగరంలో కలిసింది. పాత విజయ ప్రాంతమైన బిన్ దిన్ ఇప్పుడు జా లాయి కిందికి వచ్చింది. పాత పుస్తకాలు, పాత బోర్డులు ఇంకా పాత పేర్లే చెబుతాయి కాబట్టి రెండు పేర్లూ రాసి పెట్టుకోవడం మంచిది.

పో క్లోంగ్ గరాయి గుట్ట మీద

మొదట చూడవలసిన ఆలయం ఫాన్ రాంగ్ పట్టణం అంచున గుట్ట మీద ఉన్న పో క్లోంగ్ గరాయి. పదమూడో శతాబ్దం చివరలోనో పద్నాలుగో శతాబ్దం మొదట్లోనో జయసింహవర్మ కట్టించాడని చెప్పే ఈ గోపురాలు నేటికీ పూజలందుకుంటున్నాయి. చాం ఆలయంలోని భాగాలను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. తూర్పు వైపున ప్రవేశగోపురం, దక్షిణాన పడవను బోర్లించినట్టున్న కప్పుతో అగ్నిగృహం, మధ్యన ప్రధానగోపురం ఉంటాయి. పండితులు ప్రధానగోపురాన్ని కలాన్ అంటారు, ఊరివారు ఆలయాన్ని బిమోంగ్ అంటారు. ప్రధానగోపురానికి నిజమైన తలుపు తూర్పున ఒక్కటే. మిగిలిన మూడు వైపులా తలుపు ఆకారాన్ని ఇటుకలోనే మలిచారు.

ద్వారం ముందు ఆగి పైకి చూడండి. అక్కడ ఆరు చేతుల శివుడు నాట్యం చేస్తూ ఉంటాడు. ద్వారబంధపు రాళ్ళ మీద చాం లిపిలో శాసనం ఉంది. లోపల గుమ్మం దగ్గర నంది ఉంటుంది. పంట బాగా పండాలని రైతులు ఆ నందికి గడ్డి సమర్పించేవారు. గర్భగుడిలో ఉన్నది ముఖలింగం. ఆ ముఖం పో క్లోంగ్ గరాయి రాజుదని చాం ప్రజల నమ్మకం. అంటే భక్తుడు శివుడికీ, తన పూర్వికుడైన రాజుకూ ఒకే నమస్కారం చేస్తున్నాడు. వియత్నాంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాలలో ఇది ఒకటి. ఆ రాజు ఇక్కడ ఆనకట్ట కట్టించి కాలువలు తవ్వించాడని ప్రజలు చెప్పుకుంటారు. ఆయన దేవుడిగా నిలవడానికి యుద్ధాలకంటే ఈ నీళ్ళే పెద్ద కారణమని నాకనిపిస్తుంది.

కాటే రోజున వెళ్ళగలిగితే తెల్లవారకముందే గుట్ట ఎక్కి ఉండాలి. పండుగ కొండప్రాంతాల నుంచి మొదలవుతుంది. పో ఇను నగర్ దేవత వస్త్రాలను కొండల్లో ఉండే రాగ్లాయి ప్రజలు కాపాడుతూ వచ్చారు, పండుగకు ముందురోజు వారే వాటిని హూ డక్ గ్రామానికి మోసుకొస్తారు. చాం అక్క, రాగ్లాయి చెల్లెలు అని ఈ ప్రాంతపు నానుడి. చాం, రాగ్లాయి కుటుంబాలు రెండింటిలోనూ ఇల్లు, వంశపు వస్తువులు చిన్న కూతురికి దక్కుతాయి కనుక, ఆ వస్త్రాలు చెల్లెలి ఇంట ఉండటం న్యాయమే అవుతుంది.

వస్త్రాలు ఊరేగింపుగా గోపురం చేరాక క్రతువు ఒక క్రమంలో నడుస్తుంది. ముందు తలుపు తెరవడానికి అనుమతి కోరతారు: నాట్యశివుడి కింద నిలబడి నీళ్ళు చల్లి, కాథార్ అనే గాయకపూజారి తాబేటి చిప్పతో చేసిన రెండు తీగల కన్యీ వాయిస్తూ స్తోత్రం పాడతాడు. తలుపు తెరిచాక లింగానికి అభిషేకం జరుగుతుంది, తర్వాత వస్త్రం కట్టి తలపాగా పెడతారు, ఆ తర్వాత అన్నం, మేకమాంసం, కోళ్ళు, పండ్లు, తమలపాకులు, అల్లం కొమ్ము ఆకారంలో చేసిన పిండివంటలు నివేదిస్తారు. ప్రధాన పూజారిని పో అధియా అంటారు. ముక్ పజావ్ అనే స్త్రీ పూజారి లేకుండా ఈ పూజ సాగదు. ఆమె పోసే మద్యం, ఆమె అమర్చే నైవేద్యం క్రతువులో అనివార్యమైన అంగాలు. లోపల జాగా చాలా చిన్నది, పొగ నిండి ఉంటుంది, పూజారులకు, కానుకలు తెచ్చిన కుటుంబాలకే అది సరిపోదు. సందర్శకులు లోపలికి తోసుకుపోకూడదు. అభిషేకం చూడలేకపోయామని బాధపడనక్కరలేదు, ఎందుకంటే అదే సమయంలో గోపురం బయట ప్రతి కుటుంబమూ చాప పరిచి, తెచ్చిన పళ్ళాలు అమర్చి తమ పూర్వికులకు నివేదించుకుంటూ ఉంటుంది. నా దృష్టిలో కాటేకు గుండె ఆ చాపల దగ్గరే ఉంది. వారు పిలిస్తే కూర్చోవచ్చు, పెట్టింది తినవచ్చు. పిలవకుండా ముఖం మీద కెమెరా పెట్టడం మాత్రం తగదు.

గినాంగ్ జంటడోళ్ళు, చేతిలో పట్టుకుని వాయించే బరనంగ్, సన్నాయిని పోలిన సరనాయి వినిపిస్తే అక్కడే నిలబడి కాసేపు వినండి. గోపురం దగ్గర పూజ ముగిశాక పండుగ ఊళ్ళలోకి, ఆ తర్వాత ఇళ్ళలోకి వెళ్తుంది. తెలిసినవారు ఉంటే ఇంటి పండుగ చూడటం మేలు.

అహియెర్, అవల్: రెండు మతాలుగా చూడవద్దు

ఫాన్ రాంగ్ చాం ప్రజలలో ప్రధానంగా రెండు వర్గాలున్నాయి. పైన చెప్పిన గోపురాల పూజ చేసేవారు అహియెర్, వియత్నామీయులు వారిని బాలామోన్ అంటారు. ఇస్లాం నుంచి అల్లాను, ప్రవక్తను, ఖురాన్‌ను స్వీకరించి, దాన్ని తమ పూర్వికుల ఆరాధనలో కలుపుకున్నవారు అవల్, వారిని బానీ అని పిలుస్తారు. అహియెర్ గొడ్డుమాంసం తినరు, మృతులను దహనం చేస్తారు. బానీలు పందిమాంసం తినరు, మృతులను ఖననం చేస్తారు. అహియెర్ పూజారులు జుట్టు పెంచి ముడి వేసుకుంటారు, అచార్ అని పిలిచే బానీ పూజారులు తల గొరిగించుకుంటారు.

పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండూ చాం ఆలోచనలో ఒక జత. అహియెర్ పురుష తత్వం, అవల్ స్త్రీ తత్వం, ఒకటి లేకుండా మరొకటి పూర్తికాదు. అహియెర్ కూడా తమ దేవతలలో పో అలువాను, అంటే అల్లాను, తలుచుకుంటారు. రిజా నగర్‌లో రెండు వర్గాలకూ చోటుంది, ఊరి కీడు పోవాలని నర్తకుడు నిప్పులు తొక్కడం ఆ ఉత్సవంలో చూడవచ్చు. పదిహేడో శతాబ్దంలో ఏలిన పో రోమె రాజు ఈ రెండు వర్గాల మధ్య సామరస్యం కుదిర్చాడని ప్రజలు చెప్పుకుంటారు. ఆయన పేరిట ఉన్న ఇటుక గోపురం చంపా కట్టిన చివరి గోపురాలలో ఒకటి. ఫాన్ రాంగ్ నుంచి కొద్ది దూరంలోనే ఉంది కనుక తప్పక చూడాలి.

బయటివారు చేసే పొరపాటు ఒకటుంది. బానీలు రోజుకు ఐదుసార్లు నమాజు చేయరు, నెలంతా ఉపవాసం ఉండేది కూడా అచార్లే కనుక వీరిది అసంపూర్ణమైన ఇస్లాం అని, అహియెర్లకు వేదాలు తెలియవు కనుక వారిది చెడిపోయిన హిందూమతం అని ఫ్రెంచివారి కాలం నుంచి రాస్తూ వచ్చారు. ఆ కొలబద్ద తప్పు. బానీ అచార్లు తమ వంశాల తరఫున ప్రతినిధులుగా మతవిధులు నెరవేరుస్తారు. రామువాన్ నెలలో వారు మసీదులోనే ఉండి ఉపవాసం, పారాయణ చేస్తుంటే, స్త్రీలు తలమీద భోజనపు పళ్ళాలు మోసుకొస్తారు. ఆ నెల మొదలయ్యే ముందు కుటుంబాలన్నీ ఇసుకనేలలోని శ్మశానాలకు వెళ్ళి పూర్వికులను పలకరిస్తాయి. తెల్లని దుస్తుల్లో వరసగా కూర్చున్నవారి ముందు, ఇసుకలో చిన్న చిన్న గుండ్రాళ్ళ జతలు మాత్రమే ఉంటాయి. ఏ రాయి మీదా పేరు ఉండదు, ఏ రాయి ఎవరిదో కుటుంబానికి తెలుసు. అక్కడికి వెళ్ళాలనుకుంటే పెద్దల అనుమతి అడిగి, పాదరక్షలు విడిచి, రాళ్ళ మధ్య నుంచి కాకుండా పక్కనుంచి నడవాలి.

1960ల నుంచి కొందరు బానీలు సున్నీ ఇస్లాంలోకి మారారు, వారి మసీదులు వేరు. మూడు వర్గాల వారూ పక్కపక్క ఊళ్ళలో ఉంటారు కాబట్టి, ఎవరిని కలిసినా వారు తమను ఏమని చెప్పుకుంటే అదే మాటతో పిలవడం మర్యాద.

ఇల్లు, వంశం, కుండ

చాం సమాజంలో పిల్లలు తల్లి వంశానికి చెందుతారు, పెళ్ళయ్యాక వరుడు వధువు ఇంటికి వస్తాడు. ఇది మరణంలో కూడా నిలుస్తుంది. అహియెర్ కుటుంబంలో దహనం తర్వాత మృతుడి నుదుటి ఎముక నుంచి తొమ్మిది చిన్న ముక్కలు తీసి చిన్న పెట్టెలో దాస్తారు. తర్వాత ఒక రోజున వాటిని తల్లి వంశపు కూట్ అనే శ్మశానంలో, నిలువురాళ్ళ కింద చేరుస్తారు. భర్త జీవితమంతా భార్య ఇంట ఉన్నా, చివరకు తన తల్లి వంశం దగ్గరికే వెళ్తాడు. పొలాల మధ్య వరసగా నిలబెట్టిన రాళ్ళు కనిపిస్తే అవి విరిగిన శిల్పాలు అనుకుని ఎక్కి కూర్చోకూడదు.

ఫాన్ రాంగ్‌కు దక్షిణాన ఉన్న బావ్ ట్రుక్ గ్రామానికి ఒక పూట కేటాయించాలి. 2022 నవంబరులో యునెస్కో ఈ చాం కుండల కళను తక్షణం కాపాడవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది. ఇక్కడ కుమ్మరిసారె లేదు. నది ఒడ్డు మట్టిలో సన్నని ఇసుక కలిపి తొక్కి, ఆ ముద్దను ఒక పీట మీద నిలబెట్టి, కుమ్మరి స్త్రీ దాని చుట్టూ తానే వెనక్కి వెనక్కి నడుస్తుంది. నడుము వంచి, ఒక చెయ్యి లోపల, ఒక చెయ్యి బయట పెట్టి గోడను పైకి లేపుతుంది. వెదురు చక్రంతో గీకి పల్చన చేసి, తడిగుడ్డతో అంచును నున్నగా తిప్పుతుంది. ఆరిన కుండలను బట్టీలో కాకుండా ఆరుబయట కట్టెలు, గడ్డి కప్పి కాలుస్తారు, కాలిన వేడి మీదే పండ్ల రసం చల్లి మచ్చలు పుట్టిస్తారు. మంట, గాలి తగిలిన తీరును బట్టి రంగు మారుతుంది కనుక ఏ రెండు కుండలూ ఒకేలా ఉండవు. ఈ పని తల్లి నుంచి కూతురికి వస్తుంది. కొనదలచుకుంటే అలంకార శిల్పాలకంటే వంటకు, నీళ్ళకు వాడే మామూలు కుండను కొనమంటాను. ఆ నేర్పంతా అందులోనే కనిపిస్తుంది. దగ్గరలోనే మగ్గాల ఊరు మీ న్గియెప్ కూడా ఉంది.

ఉత్తరానికి వెళ్ళే దారిలో

న్యా ట్రాంగ్‌లోని పో నగర్ గోపురాలు చంపా అంతటికీ తల్లి అయిన దేవతవి. 774లో సముద్రం మీదుగా వచ్చిన దాడివాళ్ళు ఆలయాన్ని తగలబెట్టారని, 784లో సత్యవర్మ తిరిగి కట్టించాడని శాసనాలు చెబుతున్నాయి. నేడు ఇక్కడ పూజించేవారిలో వియత్నామీయులే ఎక్కువ. వారు ఆమెను థియెన్ యి అ నా అంటారు, చాంద్రమానపు మూడో నెలలో పెద్ద ఉత్సవం చేస్తారు, ఆ సమయంలో చాం భక్తులు కూడా వస్తారు. ఓడినవారి తల్లిని గెలిచినవారు తమ తల్లిగా కొలుస్తున్న చోటు ఇది, నిదానంగా చూడండి. ప్రధానగోపుర ద్వారం మీద మహిషాసురమర్దిని ఉంది.

క్వీ నోన్ దగ్గర జంటగోపురాలు, బాన్ ఇత్, యువాంగ్ లాంగ్ గోపురాలు విజయ కాలానివి. సమయం తక్కువైతే యువాంగ్ లాంగ్ ఒక్కటైనా చూడండి, చాం గోపురాలలో ఎత్తయినవి అవే.

మీ సన్‌లో ఇటుకలను చదవడం

మీ సన్ లోయలో 70కి పైగా కట్టడాలుండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆన్రి పార్మాంతియే అనే ఫ్రెంచి పండితుడు వాటిని అక్షరాలతో గుంపులుగా విభజించాడు, బోర్డుల మీద కనిపించే బి, సి, డి అవే. 1969 ఆగస్టులో అమెరికా బాంబుల వల్ల అన్నిటికంటే గొప్పదైన ఎ1 గోపురం కూలిపోయింది. బాంబు గుంతలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1980ల నుంచి పోలండ్ వాస్తుశిల్పి కాజిమియెర్జ్ క్వియాత్కోవ్‌స్కీ ఇక్కడ పునరుద్ధరణకు ఎంతో శ్రమించాడు, 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది. భారత పురావస్తు శాఖ 2017లో ఎ, హెచ్, కె గుంపుల పని మొదలుపెట్టింది, ఆ పనిలోనే 2020 మే నెలలో ఒకే రాతిలో చెక్కిన శివలింగం బయటపడింది.

ఉదయాన్నే చేరి, ముందు బి, సి, డి గుంపులకు వెళ్ళండి. బి1 దగ్గర మిగిలింది రాతి పీఠమే గాని భద్రేశ్వరుడి స్థానం అదే. దాని దగ్గర పడవకప్పు ఉన్న బి5ను చూడగానే ఫాన్ రాంగ్‌లో చూసిన అగ్నిగృహం గుర్తుకు రావాలి. ఇప్పుడు గోడ దగ్గరికి వెళ్ళి ఇటుకల మధ్య అతుకు చూడండి. సున్నం గీత కనిపించదు. చెట్టు బంకతో అతికించారని ఒక వాదన, ఇటుక పొడి, మట్టితో రుద్ది అతికించారని మరొక వాదన. గోడ కట్టాక ఇటుక మీదే చెక్కారు కనుక ఒక దేవకన్య ముఖంలో మూడు నాలుగు వరసల ఇటుకలు ఉంటాయి. పాత ఇటుకల పక్కన తెల్లని ఉప్పు, నాచు పట్టినవి కనిపిస్తే అవి తరచు మరమ్మతుల నాటివి. లోపలికి వెళ్ళి తల ఎత్తితే, ఒక్కొక్క వరసను కొంచెం ముందుకు జరుపుతూ కప్పును ఎలా మూశారో తెలుస్తుంది.

శిల్పాలలో ముఖ్యమైనవి డా నాంగ్‌లోని చాం శిల్ప సంగ్రహాలయంలో ఉన్నాయి. 1919లో ప్రజలకు తెరిచిన ఈ భవనంలో మీ సన్ ఇ1 పీఠం దగ్గర ఎక్కువసేపు గడపండి. ఏడో, ఎనిమిదో శతాబ్దాలనాటి ఆ పీఠం చుట్టూ మునుల జీవితం ఉంది: ఒకడు వేణువు ఊదుతున్నాడు, ఒకడు బోధిస్తున్నాడు, ఒకడు మరొకరి ఒళ్ళు పిసుకుతున్నాడు. అనంతశయనుడి నాభి కమలం నుంచి బ్రహ్మ పుడుతున్న తోరణం కూడా అదే ఆలయానిది. పాత సింహపురం అయిన ట్రా కియూలో దొరికిన పీఠం మీది కథ సీతాకల్యాణమని కొందరు, కృష్ణకథ అని కొందరు పండితులు అంటారు. డోంగ్ యువాంగ్ గదిలో ముఖాలు ఒక్కసారిగా మారిపోతాయి. మందమైన పెదవులు, కలిసిపోయిన కనుబొమలు, విశాలమైన ముక్కు. అక్కడే 1978లో దొరికిన కంచు తార ఉంది. ఆ ముఖాలలో ఇక భారతీయ పోలికలు వెతకవలసిన పని లేదు.

శాసనాలు చూసేటప్పుడు సులువైన సూత్రం ఒకటుంది: దేవుణ్ణి, రాజును కీర్తించే భాగం సాధారణంగా సంస్కృత శ్లోకాలలో, భూముల హద్దులు, దానాల వివరాలు చాం వచనంలో ఉంటాయి. ట్రా కియూలో ఏడో శతాబ్దపు ప్రకాశధర్మ రాజు శాసనం ఒకటి వాల్మీకికి కట్టించిన ఆలయం గురించి చెబుతూ, ఆయన శోకం నుంచి శ్లోకం పుట్టిన సంగతిని తలుచుకుంటుంది. ఆదికవికి గుడి కట్టించిన రాజును మన పాఠకులు మరిచిపోరాదు. అదే ప్రాంతంలో దొరికిన డోంగ్ యెన్ చావ్ శాసనం నాలుగో శతాబ్దం నాటి చాం భాషలో ఉంది. మలయ్, ఆచే కూడా చేరిన ఆ భాషాకుటుంబం మొత్తంలో మనకు తెలిసిన తొలి రాత అదే. ఈనాటి చాం లిపి, అఖర్ థ్రాహ్, దక్షిణ భారత బ్రాహ్మీ శాఖ నుంచి వచ్చింది. కాబట్టి అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తుల అమరిక తెలుగు చదివేవారికి త్వరగానే పట్టుబడుతుంది.

వియత్నాం తీరం దాటి

చాం ప్రజలను పూర్తిగా తెలుసుకోవాలంటే మెకాంగ్ వైపు కూడా వెళ్ళాలి. చావ్ డోక్ పట్టణానికి ఎదురుగా నది ఒడ్డున ఉన్న చాం ఊళ్ళవారు షాఫీ సంప్రదాయపు సున్నీలు. ఇళ్ళు కొయ్య స్తంభాల మీద నిలబడి ఉంటాయి, వ్యాపారంలోను, నేతలోను వీరికి పేరుంది. కంబోడియాలోని చాం ప్రజలు 1975 నుంచి 1979 వరకు ఖ్మేర్ రూజ్ పాలనలో భయంకరమైన హింస అనుభవించారు. మసీదులు మూసివేశారు, ఖురాన్‌లు కాల్చారు, భాషను నిషేధించారు, పందిమాంసం బలవంతంగా తినిపించారు. ఎదురు తిరిగిన స్వాయ్ ఖ్లియాంగ్, కోహ్ ఫాల్ గ్రామాలను నాశనం చేశారు. 2018 నవంబరు 16న ఐక్యరాజ్యసమితి మద్దతుతో నడిచిన న్యాయస్థానం, చాం ప్రజలపై జరిగింది జాతినిర్మూలనమేనని నిర్ణయించి ఖ్మేర్ రూజ్ అగ్రనాయకుడు నువాన్ చియాను దోషిగా ప్రకటించింది. అక్కడ వయసు మళ్ళిన వారిని కలిసినప్పుడు ఆ రోజుల గురించి వారంతట వారు చెబితే వినాలి, మీరుగా అడగకూడదు.

కంబోడియా పాత రాజధాని ఉడోంగ్ పరిసరాలలో ఇమాం సాన్ అనే మతగురువు అనుయాయులు ఉన్నారు. వారు శుక్రవారం మాత్రమే సామూహిక ప్రార్థన చేస్తారు, పాత చాం లిపిలో రాసిన ప్రతులను ఇప్పటికీ దాచుకుని చదువుతారు. ప్రవక్త జన్మదిన సమయంలో ఉడోంగ్ కొండ మీద కూడతారు, ఆ రోజున అతిథులకు అడ్డు చెప్పరు. ఇక చైనాలోని హైనాన్ దీవిలో సాన్యా దగ్గర ఉండే ఉత్సాత్ ముస్లింలు చంపా నుంచి వెళ్ళినవారి సంతతి. వారి భాష చాం శాఖదే అయినా, చుట్టుపక్కల భాషల ప్రభావంతో చైనీస్ భాషలా స్వరభేదాలను పెంచుకుంది. ఫాన్ రాంగ్‌లో కొన్ని చాం మాటలు నేర్చుకుని వెళ్ళినా అక్కడ మాట కలపడం తేలిక కాదు, స్థానికుడైన దుభాషిని ముందే ఏర్పాటు చేసుకోవాలి.